అయస్కాంతం కట్టాక మైలేజీ పెరిగిందట!

ప్రశ్న: అన్నా, నాది 2017 మోడల్ 110 సీసీ బండి. పని మీద వారానికి రెండుసార్లు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చి పోతుంటాను. పోయిన నెల సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ పెట్రోలు పైపుకి అయస్కాంతం బిగించి, వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) కూడా రెండు పళ్లు తక్కువది వేశాడు. అంతకుముందు నెలంతా కలిపి చూస్తే 52 ఇచ్చేది. ఇప్పుడు చిత్తూరులో ట్యాంకు నింపి తిరుపతిలో మళ్లీ నింపితే 61 వచ్చింది. మా బావమరిది నవ్వుతున్నాడు. అయస్కాంతం పని చేసినట్టేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 61 సంగతి చూద్దాం. ఆ దారి 70 కిలోమీటర్లు అనుకుంటే 52 చొప్పున 1.35 లీటర్లు తాగాలి, 61 చొప్పున 1.15 తాగాలి. అంటే మీ బావాబావమరుదుల గొడవంతా 200 మిల్లీలీటర్ల మీద, అంటే రెండు టీ గ్లాసులు! చిత్తూరేమో తిరుపతి కన్నా 150 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, నువ్వు లెక్క చూసుకున్నది దిగి వస్తూ. నువ్వూ బండీ కలిసి 200 కిలోలుంటే ఆ వాలు ఒక్కటే 40 మిల్లీలీటర్ల దాకా మిగులుస్తుంది. ఇక బంకు సంగతి చెప్పక్కర్లేదు, ఒకచోట గన్ను ముందే కట్ అవుతుంది, ఇంకోచోట కుర్రాడు మూత అంచుదాకా పోస్తాడు, సైడ్ స్టాండ్ మీద ఒరిగిన బండికి ఒక కొలత, నిటారుగా నిలబెట్టిన బండికి ఇంకో కొలత. ఇక్కడే 100 మిల్లీలీటర్లు తేలిగ్గా అటూఇటూ అవుతాయి.

పైగా సర్వీసింగ్‌లో ఎయిర్ ఫిల్టర్ దులిపి, చైను బిగించి ఆయిల్ పెట్టి, టైర్లకి గాలి కూడా పట్టే ఉంటారు. ఇన్ని పనులు ఒకేరోజు జరిగితే పేరు మాత్రం అయస్కాంతానికి వచ్చింది. స్ప్రాకెట్ వల్ల కొంత లాభం ఉండొచ్చు, అదే స్పీడుకి ఇంజన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి, కాకపోతే పికప్ తగ్గి ఎత్తు దగ్గర గేరు మార్చాల్సి వస్తుంది. అయస్కాంతం మీద మాత్రం నాకు నమ్మకం లేదు. పెట్రోలేమీ ఇనుప రజను కాదు కదా. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలా ఇంధనం ఆదా చేస్తామనే పరికరాలను వందకు పైగా పరిశీలించింది, చెప్పుకోదగ్గంత మైలేజీ పెంచింది ఒక్కటీ కనబడలేదు.

అయినా నా మాట నమ్మొద్దు, నువ్వే తేల్చుకో. స్ప్రాకెట్ జోలికి పోకుండా అయస్కాంతం ఒక్కదాన్నే తీసిపెట్టి తిరుగు, తర్వాత కట్టి తిరుగు, తర్వాత మళ్లీ తీసి తిరుగు. ప్రతిసారీ చిత్తూరు–తిరుపతి రానూపోనూ రెండు ట్రిప్పులు, అంటే 280 కిలోమీటర్లు, అప్పుడు బంకు దగ్గరి 100 మిల్లీలీటర్ల తేడా రెండు శాతం దగ్గరే ఉంటుంది. అదే బంకు, సెంటర్ స్టాండ్ వేసి, ట్యాంకు లోపల కనబడే ఒకే గుర్తు దాకా పోయించు. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడు, స్పీడు 50 దాటొద్దు. మూడోసారి ఎందుకంటావా? ఈ మూడు వారాల్లో ఎండ తగ్గి వానలు పడొచ్చు, చైను వదులవ్వచ్చు. మొదటి లెక్కా మూడో లెక్కా దగ్గరదగ్గరగా ఉండి మధ్యది ఒక్కటే పైకి లేస్తే అప్పుడు అయస్కాంతానికి దండం పెడదాం.

ఇంకో మాట, అది కట్టి ఉందని తెలిస్తే మన చెయ్యి దానంతట అదే మెత్తబడుతుంది, యాక్సిలరేటర్ తక్కువ తిప్పుతాం. అందుకని కట్టేదీ తీసేదీ మీ బావమరిదికే అప్పజెప్పు. తీసి-కట్టి-తీసి అనే వరసో, దానికి తలకిందులుగా కట్టి-తీసి-కట్టి అనే వరసో అతనే ఎంచుకోవాలి (రెండోదైతే మధ్య లెక్క కిందికి పడాలి), ఏ వారం ఉందో చివరిదాకా నీకు చెప్పకూడదు, నువ్వు సైడ్ కవర్ తీసి చూడకూడదు. ఎలాగూ నవ్వుతున్నాడు కాబట్టి ఆ పని సంతోషంగా చేస్తాడు.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు కారు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వస్తే మైలేజీ బాగా వస్తుందంటున్నారు. చేయొచ్చా సార్?
– తిరుపతి పాఠకుడు

జవాబు: వద్దండీ. ఇంజన్ ఆగితే బ్రేకుకీ స్టీరింగ్‌కీ దన్ను పోతుంది, ఆ మలుపుల్లో బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరు వేసి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చాలు, దిగుతున్నంతసేపూ ఇంజన్‌కి పెట్రోలు దాదాపుగా కట్ అవుతుంది. సెకండ్ గేరులో దిగండి.