పక్కింటి పాటల మోత: నయీంనగర్‌లో మాకు పనికొచ్చిన దారి

హన్మకొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నామని, పక్కింటి యువకుడు రాత్రి పదకొండు దాటినా హోం థియేటర్ పెద్దగా పెడుతున్నాడని, బీపీ ఉన్న అమ్మగారికీ ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయికీ కంటిమీద కునుకు ఉండటం లేదని మీరు రాశారు. పోలీసుల దాకా వెళ్తే రేపటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేమేమోనన్న మీ భయం కూడా నాకు అర్థమైంది. నయీంనగర్ వైపు ఉన్న రోజుల్లో మేమూ దాదాపు ఇదే బాధ పడ్డాం కాబట్టి, అప్పుడు మాకు పనికొచ్చింది చెబుతాను. గోడ పంచుకున్న ఇంటివారిని "పాటలు ఆపండి" అని అడగడం కన్నా, ఆ మోతను మన ఇంట్లో కూర్చోబెట్టి వాళ్లకే వినిపించి, ఫలానా మార్పు చేయమని విడమరచి అడగడమే మేలని నా గట్టి నమ్మకం.

మా రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే. పక్కింటి అబ్బాయి కొత్తగా ఊఫర్ (బేస్ దరువును మోగించే పెద్ద స్పీకర్ పెట్టె) ఉన్న సౌండ్ సిస్టం కొని, దాన్ని సరిగ్గా ఆ గోడకు ఆనించి నేలమీద పెట్టుకున్నాడు. మాకు పాటలోని మాటలు వినిపించేవి కావు, దడదడమనే బేస్ ఒక్కటే గోడలోంచి వచ్చేది. వంటింటి అరలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమనేవి. అమ్మ పడుకునే మంచం పట్టె మీద చెయ్యి వేస్తే ఆ అదురు అరచేతికి తెలిసేది.

రాత్రిపూట వెళ్లి తలుపు కొట్టకూడదని మేం ముందే అనుకున్నాం. ఆ వేళకు మనం విసుగు మీద ఉంటాం, మాట జారుతుంది. అతని స్నేహితులు అక్కడ ఉంటే వాళ్ల ముందు తల కొట్టేసినట్టయి అతనూ మొండికేస్తాడు. అందుకే ఒక ఆదివారం పొద్దున అతన్ని టీకి పిలిచాను. "తమ్మీ, నీ పాటలు బంద్ పెట్టుమంటలేను. రాత్రి పెట్టినంత సౌండే ఇప్పుడు మీ చిన్నోన్ని పెట్టుమను, నువ్వు మా అమ్మ మంచం మీద కూసొని ఒక్కసారి చూడు" అన్నాను. అతను కూర్చున్నాడు, పాట మొదలైంది, కాసేపటికి తనంతట తానే గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "గిట్ల అదురుతదని నాకు తెల్వదన్నా" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు, ఎందుకంటే పెట్టె ఉన్న గదిలో కూర్చున్నవాళ్లకు పాట మొత్తం కలిసి హాయిగా వినిపిస్తుందే తప్ప, గోడ అవతలికి ఎంత దరువు పోతోందో తెలిసే వీలు ఉండదు.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. సన్నని స్వరాలను గోడలు, మూసిన కిటికీలు చాలావరకు ఆపుతాయి కానీ, బేస్‌ను అంతగా ఆపలేవు. పైగా పెట్టె గోడకో నేలకో తగిలి ఉంటే ఆ కంపనం ఇటుకలు, స్లాబు గుండానే నేరుగా పక్కింట్లోకి వస్తుంది. కాబట్టి కిటికీలు మూసుకోమనీ, పరదాలు మందంగా వేసుకోమనీ ఇచ్చే సలహాలతో ఈ బాధ తీరదు. మేం అడిగినవి చిన్న పనులే. ఊఫర్‌ను ఉమ్మడి గోడ నుంచి తీసి గదికి అవతలి వైపు పెట్టడం, దాని కింద మందపాటి రబ్బరు షీట్ వేయడం, బేస్ తగ్గించడం, రాత్రి పది దాటితే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం. అంతా ఒక్కరోజులో మారలేదు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రుల్లో మళ్లీ మోత పెరిగేది, కానీ అప్పుడు ఒక్క మెసేజ్ పెడితే తగ్గించేవాడు. మీరు కూడా అమ్మాయి పరీక్షల తేదీలు ఒక కాగితం మీద రాసి వాళ్లింట్లో పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి. అమ్మగారి మంచం ఆ గోడకు ఆనుకొని ఉంటే ఈ లోపు అవతలి వైపుకు జరపండి. ఇంటి ఓనరుకు కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

మాట్లాడటానికి వెళ్లే ముందు చట్టం ఏం చెబుతోందో తెలిసి ఉంటే మనకు ధైర్యంగా ఉంటుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం, నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. సొంత ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టం అయినా సరే, ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితి మీద 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ ఉండకూడదు. డెసిబెల్ లెక్కలో పది పెరిగిందంటే శబ్ద తీవ్రత పది రెట్లు అయిందని అర్థం, కాబట్టి 45కూ 65కూ తేడా వంద రెట్లు. తనకు మాట్లాడే స్వేచ్ఛ ఉందని చెప్పి, వినడానికి ఇష్టపడని వారి చెవుల్లోకి లౌడ్‌స్పీకర్‌తో దాన్ని బలవంతంగా ఎక్కించే హక్కు ఎవరికీ లేదని 2005 జులైలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

పండుగల సంగతి వేరు. బతుకమ్మ ఆడే సాయంత్రాల మీద, బోనాల మీద నేనెప్పుడూ ఫిర్యాదు చేయలేదు, చేయను కూడా. మతపరమైన, సాంస్కృతిక సందర్భాల్లో ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి పన్నెండు దాకా లౌడ్‌స్పీకర్లకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. గణపతి మండపం మైకుతో ఇబ్బంది అయితే, పిల్లలు చందాకు వచ్చినప్పుడే కూర్చోబెట్టి, బాక్సులు ఏ దిక్కుకు తిప్పాలి, ఎన్నింటికి ఆపాలి అన్నది మాట్లాడుకోవాలి. మండపం లేచాక ఆ మాట ఎవరికీ ఎక్కదు.

అర్ధరాత్రి బరాత్‌లో డీజే బండి వీధిలో ఆగితే మాత్రం అక్కడికి వెళ్లి వాదించకండి. తాగినవాళ్లుంటారు, గుంపు ఉంటుంది, మంచి మాట ఎవరికీ వినబడదు. అలాంటప్పుడు 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి కాలనీ పేరు, దగ్గరలోని గుడి లేదా స్కూలు గుర్తు చెప్పి, మీ పేరు బయటపెట్టవద్దని కోరండి. మేం అలా చేసినప్పుడు గస్తీ పోలీసులు వచ్చి బాక్సులు ఆపించారు, ఫోన్ చేసింది ఎవరన్నది వీధిలో చర్చకే రాలేదు.

మీ పక్కింటి అబ్బాయి ఎంత చెప్పినా వినకపోతే, ఒక నోటుబుక్‌లో తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం రాసుకుంటూ పోండి. మీ గదిలోంచే చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ చూపించే అంకె సుమారుదే, దాన్ని ఖాయమైన కొలతగా చూపించకండి. ఆ వివరాలతో మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఇరుగుపొరుగులో ఇంకో రెండు కుటుంబాలు సంతకం పెడితే అది మీ ఒక్కరి కక్షగా కనిపించదు. అప్పటికీ ఆగకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద పదిమందికీ ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు. ఆ దరఖాస్తుకు జత చేయడానికి పనికొస్తుంది కాబట్టి, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకొని దగ్గర పెట్టుకోండి.