మాస్కుతో ఆక్సిజన్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటే గుండె బలపడుతుందా?

ప్రశ్న: నా వయసు 68. మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు, బీపీకి మాత్రలు వాడుతున్నాను. మాస్కు పెట్టి కాసేపు తక్కువ, కాసేపు ఎక్కువ ఆక్సిజన్ పీల్పిస్తే పెద్ద వయసులో గుండెకు మంచిదని ఒక వీడియోలో చూశాను. చేయించుకోవచ్చా? ఇంట్లోనే ఊపిరి బిగబట్టి సాధన చేస్తే సరిపోతుందా? రాత్రిళ్లు గురక బాగా పెడుతున్నానని, మధ్యలో ఊపిరి ఆగిపోతోందని మా ఆవిడ అంటోంది.

సలహా: అలాంటి పద్ధతి ఉన్న మాట నిజమే. మనం పీల్చే గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మాస్కుతో దాన్ని 10-12 శాతానికి తగ్గించి కొన్ని నిమిషాలు పీల్పిస్తారు, ఆ తర్వాత మామూలు గాలి గానీ 30-40 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి గానీ ఇస్తారు, ఒక్కో సిటింగ్‌లో ఇలా నాలుగైదుసార్లు, కొన్ని వారాల పాటు. ఆక్సిజన్ తగ్గిందని కణాలు ఎలా పసిగట్టి, దానికి తగ్గట్టు ఎలా స్పందిస్తాయో కనిపెట్టినందుకు 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు వైద్యంలో నోబెల్ వచ్చింది. ఈ మాస్కు పద్ధతికి ఆధారం ఆ ప్రతిస్పందనే. పెద్దవాళ్ల మీద చేసిన చిన్న చిన్న అధ్యయనాల్లో కొందరికి బీపీ కాస్త తగ్గింది కూడా. కానీ గుండెపోటు రాకుండా ఆపుతుందని చెప్పేంత పెద్ద పరీక్షలు లేవు, పైగా 10-12 శాతం అంటే దాదాపు ఐదు వేల మీటర్ల ఎత్తులో కూర్చోవడం! స్టెంట్ వేసిన గుండెకు అది చిన్న విషయం కాదు. మీ కార్డియాలజిస్టు సరే అనాలి, ఈసీజీ, ఆక్సిజన్ చూస్తూ పక్కన డాక్టరుండాలి, అది కుదరకపోతే ఆ ఆలోచన వదిలేయండి. ఛాతీనొప్పి వస్తున్నా, బీపీ అదుపులో లేకపోయినా, రక్తహీనత ఎక్కువగా ఉన్నా అసలే వద్దు.

ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే మంచిదేగా అనుకోకండి. అవసరం లేనప్పుడు ఇస్తే గుండె రక్తనాళాలు కుంచించుకుంటాయి. ఆక్సిజన్ సరిగానే ఉన్న గుండెపోటు రోగులకు అదనంగా ఇచ్చినా మరణాలు తగ్గలేదని స్వీడన్‌లో ఆరు వేల మందికి పైగా రోగులపై చేసిన పరీక్షలో 2017లో తేలింది.

ఊపిరి బిగబట్టే సాధన మాత్రం వద్దండీ, అలా చేస్తే బీపీ పెరుగుతుంది.

నాకు టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో చివరి మాట. గురక మధ్యలో ఊపిరి ఆగడం స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది, పది సెకన్లో ఇంకా ఎక్కువో గాలి ఆడదు, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది, మళ్లీ నిద్ర పట్టగానే మళ్లీ అదే. తీవ్రంగా ఉన్నవాళ్లలో ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు 30 సార్లకు పైనే జరుగుతుంది, పొద్దున లేచాక వాళ్లకు అదేమీ గుర్తుండదు. మాస్కుతో చేసేది కొలిచి ఇచ్చే డోసు, మీకు రాత్రంతా జరుగుతున్నది కొలతా కాపలా లేనిది కావచ్చు. మాత్రలు వేసుకున్నా బీపీ దిగకపోవడానికి, గుండె లయ తప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష, చేయించుకోండి. సమస్య ఉందని తేలితే సీప్యాప్ అనే చిన్న యంత్రం రాత్రంతా గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచుతుంది, మొదటి కొన్ని రాత్రులు చిరాగ్గా ఉన్నా తీసి పక్కన పెట్టకండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి, డాక్టరును అడగకుండా నిద్రమాత్రలు వేసుకోకండి. పరీక్షకు వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి, మీ నిద్ర గురించి మీకంటే ఆవిడకే బాగా తెలుసు.