ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి అమ్మేటప్పుడు పేరు ఎవరిది, లైసెన్సు ఎవరిది?

వ్యాపార లెక్కలు, నిల్వలు చూసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్‌ను గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలకు అనువుగా మార్చామనీ, దాన్ని ‘ఈఆర్‌పీనెక్స్ట్ మిర్చి ఎంటర్‌ప్రైజ్’ అన్న పేరుతో అమ్మవచ్చునా, కొన్నవారు మరొకరికి కాపీ ఇవ్వకుండా సొంత లైసెన్సు పెట్టుకోవచ్చునా అనీ మీరు అడిగారు. నిరభ్యంతరంగా అమ్మవచ్చు, అయితే అనుమతి లేకుండా ఆ పేరుతో కుదరదు, ఆ లైసెన్సు అసలే కుదరదు. విజయవాడ గవర్నరుపేటలో నేను కొన్నేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈఆర్‌పీనెక్స్ట్ జీపీఎల్ మూడో వెర్షన్ కింద విడుదలైంది. కోడ్‌ను వాడుకుని, మార్చుకుని, అదే షరతులతో ఇతరులకు పంచుకోనిచ్చే లైసెన్సు ఇది. ధర పెట్టవద్దని జీపీఎల్ ఎక్కడా అనదు, లక్ష రూపాయలకు అమ్మినా అభ్యంతరం లేదు. కాకపోతే కాపీ అందుకున్న దుకాణదారుకు సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కూడా అందుబాటులో ఉంచాలి, ఆయన దాన్ని పక్క దుకాణానికి ఇచ్చుకుంటే అడ్డుపడకూడదు. ఒప్పందంలో ‘కాపీ చేయరాదు’ అన్న షరతు చేరిస్తే అది నిలవకపోగా, ఆ కోడ్‌ను పంచడానికి మీకున్న హక్కుకే ఎసరు వస్తుంది. మీ సర్వరులోనే నడుపుతూ సేవగా అందిస్తే కోడ్ ఇచ్చే బాధ్యత జీపీఎల్ కింద రాదు. జీపీఎల్‌కు దగ్గరి లైసెన్సైన ఏజీపీఎల్ అయితే సంగతి వేరు: మీరు మార్చిన వెర్షన్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి కూడా 13వ సెక్షన్ ప్రకారం కోడ్ ఇవ్వాలి. అందుచేత మీరు కలిపిన ప్రతి విడిభాగం ఏ లైసెన్సులో ఉందో ముందే చూసుకోండి.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను దాని యజమానులు జీపీఎల్ కింద ఒకలా, వాణిజ్య లైసెన్సు కింద మరోలా ఇస్తున్నారు కదా అని మీకు తోచవచ్చు. ఆ కోడ్ మీద హక్కులు తమ చేతిలో ఉన్నాయి కాబట్టి వారికి అది సాధ్యమైంది. మీ చేతిలో ఉన్నది మీరు కొత్తగా రాసిన భాగం మాత్రమే, అదైనా నిజంగా మీదేనా అన్నది చూసుకోవలసిందే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన కోడ్ యజమానికి చెందుతుంది. బయటివారితో రాయించుకున్నది అలా కాదు, సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ కావాలి. అందులో కాలవ్యవధి రాయకపోతే 5 సంవత్సరాలకేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికేనని చట్టం భావిస్తుంది. కోల్డ్ స్టోరేజీ నిల్వల లెక్కకు సంబంధించిన భాగాన్ని మంగళగిరి కుర్రాడొకరితో రాయించినప్పుడు, అడ్వాన్సు ఇచ్చేలోగానే ‘కాపీరైటు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అన్న మాటలు రాయించి సంతకం తీసుకున్నాం. ఇంత చిన్న పనికి ఇంత కాగితమా అని అతను నవ్వాడు గానీ, సంతకం పెట్టాడు.

ఇక పేరు సంగతి. నా దృష్టిలో మీ అసలు ఆస్తి ఇదే. కోడ్ వాడుకునే హక్కు ఇచ్చిన లైసెన్సు పేరు వాడుకునే హక్కు ఇచ్చినట్లు కాదు. మరో ఓపెన్ సోర్స్ లైసెన్సైన అపాచీ 2.0 ఆరో సెక్షన్ ఆ మాట విడిగా చెబుతుంది. జీపీఎల్ మూడో వెర్షన్ ఏడో సెక్షన్, ట్రేడ్‌మార్కు హక్కులు ఇవ్వడం లేదన్న అదనపు షరతు పెట్టుకోవడానికి వీలు కల్పిస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అమ్మే రెడ్ హ్యాట్ కంపెనీ కోడ్ నుంచే తయారైన ఉచిత లినక్స్ సెంట్‌ఓఎస్, ఆ కంపెనీ గుర్తులన్నీ తీసేసి, తన వివరణలో ‘ఉత్తర అమెరికాకు చెందిన ప్రముఖ లినక్స్ విక్రేత’ అని మాత్రమే రాసుకునేది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ లోగో, మార్పుల అనుమతి విషయంలో దాన్ని తయారుచేసే మొజిల్లాతో పొసగక, డెబియన్ అనే మరో లినక్స్ 2006లో తన కాపీ పేరును ఐస్‌వీజిల్‌గా మార్చింది, పాత పేరు మళ్లీ 2016లో గానీ రాలేదు.

కాబట్టి మీ సొంత పేరునే పెద్ద అక్షరాల్లో పెట్టండి. మా సాఫ్ట్‌వేర్‌లో వివరాల తెర మీద మా పేరు కింద చిన్న అక్షరాల్లో ‘ఈఆర్‌పీనెక్స్ట్ ఆధారంగా రూపొందినది, ఆ సంస్థకు దీనితో సంబంధం లేదు’ అని ఉంటుంది. లోగోలు తీసేస్తున్న ఊపులో ఫైళ్లలోని కాపీరైటు ప్రకటనలను కూడా చెరిపేసేవారున్నారు, అది లైసెన్సు ఉల్లంఘన.

కోడ్ అందరికీ పోతే ఏం మిగులుతుందని భయపడకండి. యార్డులో ఒక పెద్దాయనకు సోర్స్ కోడ్ మీ హక్కండీ అని చెప్పబోతే, ‘అది నాకెందుకు బాబూ, సీజన్లో కాటాలు పడుతున్నప్పుడు ఫోన్ ఎత్తుతావా లేదా, అది చెప్పు’ అన్నారు. వాళ్లు డబ్బిచ్చేది ఆ ఫోన్‌కూ, ఆ పేరుకూ.

ఆ పేరును 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద రిజిస్టరు చేయించండి. దరఖాస్తులో సరుకులూ సేవల వర్గాన్ని క్లాసు అంటారు: సాఫ్ట్‌వేర్‌కు 9వ క్లాసు, సాఫ్ట్‌వేర్ సేవలకు 42వ క్లాసు. మన రాష్ట్రం ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ చెన్నై కార్యాలయం పరిధిలో ఉంది. రిజిస్ట్రేషన్ 10 సంవత్సరాలు ఉంటుంది, ఆ తరువాత పొడిగించుకోవచ్చు. ‘మిర్చి బిల్లింగ్’ లాంటివి సరుకునూ పనినీ వర్ణించే మాటలే కనుక 9వ సెక్షన్ కింద తిరస్కరణకు గురవుతాయి. ఉచిత వెర్షన్ కూడా ఇవ్వదలిస్తే దానికి వేరే పేరు పెట్టడమే మేలు. రెడ్ హ్యాట్ 2003లో తన ఉచిత లినక్స్‌ను ఫెడోరాగా విడదీసింది ఇలాగే. ఏ పేరు అనుకున్నా రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూశాకే బోర్డు రాయించండి.