జబ్బు తిరగబెడితే సెలవివ్వండి, అంతే

మానసిక జబ్బుతో బతికినవాళ్ళను పీర్ వర్కర్లుగా, అంటే అలాంటి జబ్బే ఉన్న మిగతావాళ్ళకి తోడుగా నిలిచే పనికి, జీతానికి పెట్టుకుందాం అనుకుంటున్నాం, మళ్ళీ జబ్బు తిరగబెడితే ఎలా అని అడిగారు. వైజాగ్‌లో నేను ఆ పని రెండేళ్ళు చేశాను, బైపోలార్‌కి (మనసు కొన్నాళ్ళు మితిమీరి ఉప్పొంగి, కొన్నాళ్ళు కుంగిపోయే జబ్బు) లిథియం మాత్రలు వాడుతూనే.

తిరగబెడితే సెలవివ్వండి. షుగర్ పెరిగి ఆసుపత్రిలో చేరిన గుమస్తాకి ఇవ్వరా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయడానికి ఆ చట్టం ఒప్పుకోదు. మీది ప్రైవేటు సంస్థే అయినా పద్ధతి అదే పెట్టుకోండి. మూడు రాత్రులు వరసగా నిద్ర పట్టకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, పని ఎవరు చూస్తారో, బాగున్న రోజుల్లోనే కూర్చుని రాసుకోవాలి.

గాజువాక నుంచి ఒకావిడ కొడుకుని తీసుకొచ్చేది. మాత్రలు వేసుకోడు, మూడు వారాలు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఓరోజు టీ బడ్డీ దగ్గర నా చెయ్యి వణికి గ్లాసులో టీ కాస్తా చొక్కా మీద ఒలికిపోయింది (లిథియం వాడేవాళ్ళలో చాలామందికి ఆ వణుకు మామూలే). వాడు అది చూసి, "నీకూ వొణుకుతాదేటన్నా?" అన్నాడు. ఇక గంటసేపు వాడి మాట ఆగలేదు. చెయ్యి వణుకుతుంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారని మాత్రలు మానేశాడట, ఆ సంగతి అమ్మకీ చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. నువ్వే చెప్పు, పక్కన నేనుంటా అన్నాను. చెప్పాడు, డోసు మార్చారు.

మరి నేను ఆ పని ఎందుకు మానేశానంటారా? నెలకి నాలుగు వేలు చేతిలో పెట్టి గౌరవ వేతనం అనేవారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1999 నుంచే ఈ పనికి మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి డబ్బులొస్తున్నాయి, ఇక్కడ మాత్రం సేవ! విరాళాలిచ్చేవాళ్ళు వచ్చినప్పుడల్లా నా కథ చెప్పమనేవారు, మా అమ్మకి కూడా చెప్పని సంగతులు అవి. అదైనా సర్దుకున్నాను గానీ, ఎవరు మాత్రలు మింగుతున్నారో ఎవరు పారేస్తున్నారో కనిపెట్టి చెప్పమన్నారు చూడండి, అక్కడ మనసు విరిగింది. అలా చెబితే ఆ కుర్రాడు మళ్ళీ నా మొహం చూస్తాడా?

ఒక్కరినే పెట్టుకోకండి, ఇద్దరైనా ఉండాలి, లేకపోతే స్టాఫ్ రూములో కూడా మనం పేషెంటే. బస్సు ఛార్జీలు జీతంలో కలపకుండా విడిగా ఇవ్వండి. మద్దిలపాలెం నుంచి గాజువాకకి రెండేళ్ళూ నా జేబులోంచే పెట్టుకుని తిరిగాను.