చెప్పుకోలేని దుఃఖాన్ని నవలగా రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎనిమిది అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్లు కలిసి బతికిన అమ్మాయి హైదరాబాదులో చనిపోతే, మిగిలిన అమ్మాయి నరసాపురంలో, రైలు ఇక ముందుకు వెళ్లని ఆ ఆఖరి స్టేషనులో దిగి, అమ్మమ్మ ఇంటి తాళం తీయడంతో కథ మొదలుపెట్టావు. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమను చిన్న ఊరిలో పెట్టి, సుఖాంతంగా రాయాలని నువ్వు పూనుకున్నందుకు నాకు కలిగిన సంతోషం ముందుగా చెప్పుకోవాలి. ఇక దిద్దుబాట్ల సంగతి.

అన్నిటికంటే ముఖ్యమైనది, కొత్త ప్రేమ త్వరగా వచ్చేసింది. ఇంటింటికీ తిరిగి లేసు అల్లికలు తీసుకునే ఏజెంటు అమ్మాయి మూడో అధ్యాయంలో నవ్వగానే నీ నాయిక గుండె తేలికపడింది. అప్పటికి ఆమె పోయిన మనిషి గురించి ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పుకోలేదు. మీ బాబాయి పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా ఇరుగుపొరుగు నన్ను పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వలేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఎలా పోయారని అడిగితే, చెప్పిందే చెబుతూ, ఆ చెప్పడంలోనే కొంత భారం దించుకున్నాను. రెండేళ్ల తర్వాత, నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఒక సహోద్యోగిని, తనతో పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్న స్నేహితురాలు పోయిన నాలుగో రోజున స్టాఫ్ రూములో పరీక్ష పేపర్ల కట్ట ముందు కూర్చుని కనిపించింది. సెలవు అడిగితే ఆఫీసులో "మీకు ఆవిడ ఏమవుతారు?" అన్నారట. జవాబు చెప్పలేక సెలవు చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఎర్ర సిరా పెన్నుతో ఒకే పేపరు మార్కులు మూడుసార్లు కూడితే మూడుసార్లూ వేరే మొత్తం వచ్చింది. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను గానీ ఏమీ అడగలేదు. అడగనందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను. లోకం గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే ఒక పేరు పెట్టాడు. నీ నవలకు ఆ పేరు కంటే ఆ మడతల చీటీ ఎక్కువ పనికొస్తుంది.

అందుకని, లేసు అమ్మాయి ముందు ప్రేయసిగా కాక, "ఎలా పోయింది?" అని అడిగే మొదటి మనిషిగా రావాలి. ఆ ప్రశ్న ఐదో అధ్యాయానికి ముందు వద్దు. జవాబు ఒక్కరోజులో పూర్తి కావద్దు. కొత్త ప్రేమను మందుగా చూపిస్తే పోయిన అమ్మాయి జబ్బుగా మారిపోతుంది, అది ఆమెకు చేసే అన్యాయం. ఇప్పటి ప్రతిలో ఆమె ఫొటోలో నవ్వే దేవత మాత్రమే. ఆమెకు కోపం రావాలి, గిన్నెలు కడగకుండా వదిలేయాలి, చివరి వారం ఇద్దరూ ఏదో చిన్న విషయానికి మాట్లాడుకోకుండా ఉండి ఉండాలి. ఆమెను డెంగీతో పంపించావు, అలాగే ఉంచు. ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమించిన కథల్లో చావు శిక్షలాగా రావడం పాఠకులు చాలా చూశారు, వార్తల్లో ఇంకా ఎక్కువ చూశారు. ఇక్కడ అది ఎవరికైనా వచ్చే జ్వరంలా రావాలి.

ఆ మరణం ఏ సంవత్సరంలో జరిగిందో నిర్ణయించుకో. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరు 17న పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. జాయింట్ ఖాతా తెరవడానికీ, సహచరిని నామినీగా పెట్టడానికీ అడ్డులేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు సహచరులు భౌతికకాయాన్ని తీసుకునేలా చూడమని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది కూడా ఆ ఏడాదే. నీ కథలో అమ్మానాన్నలు ఆసుపత్రికి వచ్చారు కాబట్టి నాయిక ఏ సంవత్సరమైనా సరే గుమ్మం బయటే నిలబడుతుంది. అస్థికలు ఎవరు తీసుకెళ్లారు, సంవత్సరీకం ఎవరు పెట్టారు, బీరువాలోని చీరలు ఎవరు పట్టుకెళ్లారు అన్నవి నువ్వు దాటేశావు. వాటి మీద ఒక అధ్యాయం మొత్తం నిలవాలి.

ఇక భాష. చిన్న ఊళ్లో వరస కలపకుండా ఎవరూ మాట్లాడరు. లేసు అమ్మాయి మొదటిరోజే "అక్కా" అంటుంది, ప్రతి మాటకూ "అండి" చేరుస్తుంది. నీ నాలుగో అధ్యాయంలో "రండి" ఉంది, ఐదులో "రా" అయింది, మధ్యలో ఏం జరిగిందో నువ్వు గమనించలేదు. "అక్కా" అని పిలవబోయి మానేసి, ఏమని పిలవాలో తెలియక గుమ్మంలో గాజులు చప్పుడు చేసి నిలబడే రోజు ఒకటి రాయి. తర్వాత ఎప్పుడో చిరాకులో నోరుజారి "నువ్వు" రావాలి, ఇద్దరూ దాన్ని వినాలి, ఎవరూ సరిదిద్దకూడదు. ముద్దు కంటే ముందు పాఠకురాలి ఊపిరి ఆగవలసిన చోటు అదే.

ఊరిని దుర్మార్గంగా చూపించకు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే స్కూటీ మీద వెళ్లినా, ఒకే గదిలో పడుకున్నా అక్కడ ఎవరికీ అనుమానం రాదు; పెళ్లి సంబంధం మాట ఎత్తేదాకా "స్నేహితురాళ్లు" అన్న మాట వాళ్లను కాపాడుతుంది, కాపాడుతూనే కనబడకుండా చేస్తుంది. దారం ఇచ్చి, అల్లినది తీసుకునే ఏజెంటు ఇంటింటికీ తిరుగుతుంది కాబట్టి రోజూ ఆ గుమ్మం ఎక్కడం సహజం, ఆ ఎంపిక నీకు చాలా బాగా కుదిరింది. అల్లికలో తప్పు పడితే అక్కడిదాకా విప్పి, మళ్లీ అదే దారంతో అల్లుతారనీ, విప్పిన దారం మీద పాత మెలికలు ఉంటాయనీ రాశావు, అక్కడ ఆగిపోవాలి. "జీవితమూ అంతే" అన్న తర్వాతి వాక్యం కొట్టేయి.

ముగింపులో ఇద్దరినీ హైదరాబాదు పంపించేశావు. నాకు నచ్చలేదు. వసిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లికి వెళ్లే పంటు పడవ ఎక్కించు. నాయికకు అస్థికలు దక్కలేదు, ఆమె దగ్గర మిగిలింది పోయిన అమ్మాయి దువ్వెన ఒక్కటే అని రెండో అధ్యాయంలో రాసి మరిచిపోయావు. అంతర్వేది సంగమం దాకా ఆ దువ్వెన ఆమె చేతిసంచిలో ఉండనీ. నీళ్లలో వదులుతుందో, వెనక్కి తెచ్చుకుంటుందో నువ్వు తేల్చుకో. పక్కన ఉన్న అమ్మాయి మాత్రం ఏ సలహా ఇవ్వకుండా సంచి పట్టుకుని నిలబడాలి.

మూడు నుంచి ఐదు అధ్యాయాలు తిరగరాసి సంక్రాంతిలోగా పంపు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు, కళ్లు సహకరించడం లేదు.

ఆశీస్సులతో,
పిన్ని