లండన్ అగ్రిమెంటు, రాయగడ పట్టా: మేనకోడలికి ఉత్తరం

బరంపురం

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. అంతర్జాతీయ ఫైనాన్స్ లా మీద ముంబయిలో జరిగే ట్రైనింగ్‌కి సీటు వచ్చిందని, రాయగడ కోర్టులో ప్రాక్టీసు చేసేదానికి డాలర్ల అప్పుల చదువు దేనికని బావ అంటున్నాడని రాశావు. బావ అడిగిందాంట్లో తప్పేం లేదు. కానీ ఆయన మన చుట్టూ ఒకసారి చూడాలి. తేరుబలిలో తయారయ్యే ఫెర్రోక్రోమ్ దేశం దాటుతోంది. దమన్‌జోడి అల్యూమినా విశాఖ రేవులో ఓడెక్కుతోంది. మా గంజాం వైపు రొయ్యలు కూడా అంతే. సరుకు ఇక్కడిది, దాని కాగితాలు చూసే లాయర్లు మాత్రం ముంబయిలోనూ కోల్‌కతాలోనూ ఉన్నారు. వెళ్లు. కానీ ఖాళీ బుర్రతో వెళ్లి కూర్చోకు, ఫీజు దండగ.

ముందు ఆ కోర్సు ఎలాంటిదో కనుక్కో. సిలబస్ చూసి మోసపోకు, సిలబస్‌లు అన్నీ బాగానే ఉంటాయి. పాఠం చెప్పేవాళ్లు అసలు డీల్స్ చేసినవాళ్లా, క్లాసులో నిజమైన అగ్రిమెంట్లు చేతికిచ్చి క్లాజు క్లాజు చదివిస్తారా, లేక స్లైడ్లు తిప్పేసి సర్టిఫికెట్ ఇస్తారా, ఇవి అడుగు. ఇంతకుముందు బ్యాచ్‌లో చదివినవాళ్లు ఒకరిద్దరి నంబర్లు ఇమ్మను. ఇవ్వడానికి నసిగితే అర్థం చేసుకో.

వెళ్లేలోగా ఒక పని చెయ్యి. ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, చెప్పిన కాగితాలు తెస్తే ఎగుమతిదారుకి డబ్బిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ. ఆ ఎల్‌సీలకు ప్రపంచమంతా వాడే రూల్స్ యూసీపీ 600. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ తయారుచేసింది, 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది. మొత్తం 39 ఆర్టికల్సే. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) చదివినదానివి, నీకిదో లెక్కా? ఐదో ఆర్టికల్ దగ్గర కాసేపు ఆగు. బ్యాంకుకి పని కాగితాలతోనే, సరుకుతో కాదు. కోర్టులో పెరిగిన లాయరుకి ఇది మింగుడుపడదు. "సరుకు పాడైపోయిందండీ, డబ్బెలా ఇస్తారు?" అని స్టేకి పరిగెత్తడం మనకలవాటు. తారాపోర్ కంపెనీ కేసు తీసి చదువు. ఫరక్కా బ్యారేజీ కాలువ తవ్వడానికి రష్యా యంత్రాలు కొన్నారు, అవి సరిగ్గా పనిచెయ్యలేదన్నారు, ఎల్‌సీ కింద చెల్లింపు ఆపమని కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు ఆపలేదు. సరుకు గొడవ వేరు, ఎల్‌సీ వేరు అంది. పెద్ద మోసం రుజువవడం లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప ఆ గీత దాటరు.

తర్వాత 30వ ఆర్టికల్. ఇది చిన్నగా కనిపిస్తుంది గానీ మన జిల్లాల సరుక్కి సరిగ్గా పనికొస్తుంది. ఎల్‌సీలో పరిమాణం టన్నుల్లో రాసి ఉంటే, ఎల్‌సీ వేరేగా చెప్పకపోతే, 5 శాతం ఎక్కువైనా తక్కువైనా చెల్లుతుంది, బిల్లు మొత్తం మాత్రం ఎల్‌సీ మొత్తాన్ని దాటకూడదు. అదే ఇన్ని కార్టన్లు అని లెక్కపెట్టి రాస్తే ఈ వెసులుబాటు లేదు. అంటే బల్క్‌లో వెళ్లే ఫెర్రోక్రోమ్‌కి ఉన్న సౌకర్యం కార్టన్లలో వెళ్లే రొయ్యలకి లేదన్నమాట. సరుకు విడతలుగా పంపకూడదని ఎల్‌సీలో ఉంటే, ఒక్క కార్టన్ తగ్గినా డిస్క్రిపెన్సీ, అంటే బ్యాంకు తిరస్కరించడానికి చాలిన తేడా. ఎగుమతిదారు నీ దగ్గరికి ఎల్‌సీ పట్టుకొస్తే మొదట అక్కడ వేలు పెట్టి చూపించు, నీ ఫీజు అక్కడే గిట్టుబాటు.

రెండోది, 'కొనుగోలుదారు సంతకం చేసిన తనిఖీ సర్టిఫికెట్ జతచేయాలి' అనే షరతు. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. మార్కెట్లో రేటు పడిపోతే అవతలివాడు ఆ సంతకం పెట్టడు, నీ క్లయింట్ చేతిలో ఉన్న ఎల్‌సీ చిత్తు కాగితం. అలాంటి షరతు సరుకు ఓడెక్కకముందే మార్పించాలి. ఓడెక్కాక బతిమాలుకోవడమే.

మూడోది తేదీలు. కాగితాలు అందిన మర్నాటి నుంచి బ్యాంకుకి 5 పనిదినాలే గడువు. తిరస్కరిస్తే తప్పులన్నీ ఒకే నోటీసులో చెప్పాలి. వారం తర్వాత ఇంకో తప్పు గుర్తొచ్చిందంటే కుదరదు, 16వ ఆర్టికల్ ఆ దారి మూసేసింది. నువ్వు బ్యాంకు తరఫున ఉన్నా, ఎగుమతిదారు తరఫున ఉన్నా, ఫైలు విప్పగానే ఆ నోటీసు ఏ రోజు వెళ్లిందో చూడు. నేను ఫారెక్స్ బ్రాంచిలో ఉన్నన్నాళ్లూ చూసింది ఇదే, సగం గొడవలు అక్కడే తేలిపోయేవి.

ఇక లోన్ అగ్రిమెంట్లు. 1996లో లండన్‌లో పుట్టిన లోన్ మార్కెట్ అసోసియేషన్ నమూనాల మీదే చాలావరకు రాస్తారు. వంద పేజీలు చూసి టెన్షన్ పడకు. ప్రతి క్లాజు దగ్గరా ఇది ఎవరి భయం అని అడుగు. బ్యాంకు డబ్బు వదలకముందు కాగితాలన్నీ చేతికి రావాలనేది ఒక భయం, దానికి కండిషన్స్ ప్రిసిడెంట్. ఆస్తిని ఇంకొకడికి తాకట్టు పెడతాడేమోననేది ఇంకో భయం, దానికి నెగెటివ్ ప్లెడ్జ్. వేరే బ్యాంకుకి ఎగ్గొట్టినా మనకి తెలియాలి, మనమూ కదలాలి అన్నది క్రాస్ డిఫాల్ట్. భయం పట్టుబడితే క్లాజులో ఏ మాట కొట్టించుకోవాలో దానంతటదే తెలుస్తుంది. స్క్రీన్ మీద వడ్డీ రేటు కనిపించకపోతే ఏం చెయ్యాలనే క్లాజుని ఏళ్లతరబడి పట్టించుకున్నవాళ్లు తక్కువ. అలా స్క్రీన్ మీద చూసుకునే వడ్డీ రేటే లైబార్. 2023 జూన్ 30తో డాలర్ లైబార్‌కి రేట్లు చెప్పే బ్యాంకుల ప్యానెల్ ముగిసేసరికి పాత అగ్రిమెంట్లన్నీ తిరగేసి ఆ క్లాజే వెతికారు.

ఇక్కడ నువ్వు చెవులు రిక్కించాల్సిన సంగతి ఒకటుంది. ఆ అగ్రిమెంట్లలో చాలావాటికి ఇంగ్లండ్ చట్టం, ఇంగ్లండ్ కోర్టు రాస్తారు. ఇంగ్లండ్ హైకోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని సీపీసీ 44ఏ కింద మన జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించొచ్చు, విదేశీ తీర్పు ఎప్పుడు చెల్లదో చెప్పే సెక్షన్ 13 అభ్యంతరాలకు లోబడి. సింగపూర్ డిక్రీ కూడా అంతే, 2020 నుంచి యూఏఈది కూడా. అమెరికా ఆ జాబితాలో లేదు కాబట్టి న్యూయార్క్ తీర్పు పట్టుకొస్తే దానిమీద ఇక్కడ మళ్లీ దావా వేయాలి. అంటే లండన్ డిక్రీ నువ్వు రోజూ మెట్లెక్కే కోర్టుకే రావచ్చు. అలాగే విదేశంలో సంతకమైన కాగితానికి, అది ఇండియాలోకి వచ్చిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. కట్టకపోతే సాక్ష్యంగా తీసుకోరు. వంద పేజీల అగ్రిమెంటు వాదన మొదలవకుండానే పక్కకి పోతుంది. క్లాసులో ముంబయి కుర్రాళ్లకి క్రాస్ డిఫాల్ట్ నోటికొస్తుంది, ఈ 3 నెలల గడువు చెప్పే స్టాంపు చట్టం 18వ సెక్షన్ సంగతి అడిగి చూడు, నవ్వొస్తుంది.

విదేశీ అప్పు ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) కింద రిజర్వ్ బ్యాంకు షరతులకు లోబడే వస్తుంది, లోన్ రిజిస్ట్రేషన్ నంబర్ రాకుండా ఒక్క డాలరూ దిగదు. దీనికి విడిగా కోర్సు అక్కర్లేదు, మాస్టర్ డైరెక్షన్లు రిజర్వ్ బ్యాంకు సైటులో ఉచితంగా ఉంటాయి.

అసలు సంగతి భూమి. ఫ్యాక్టరీ భూమిని సెక్యూరిటీగా తీసుకునే బ్యాంకు ఎక్కడిదైనా, స్థానిక లాయరు ఒపీనియన్ అడుగుతుంది. రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఒడిశాలో 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్, 2002లో అమల్లోకొచ్చిన దాని సవరణ, ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా కట్టేశాయి. వెనకటి బదిలీలను కూడా అధికారులు విచారించొచ్చు. లండన్ ఫర్మ్‌లో కూర్చున్నవాడికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. పట్టా ఒడియాలో ఉంటుంది, నువ్వు ఒడియా గడగడా చదువుతావు. ఇంకా వెనక్కి వెళితే 1936 ఏప్రిల్ 1కి ముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, ఆ రోజుల కాగితాలు తగిలినా నువ్వు బెదరవు. ఇప్పుడు ప్యానల్ అడ్వకేట్‌గా బ్యాంకులకిస్తున్న టైటిల్ రిపోర్టే ఇది, కాకపోతే అవతలివాళ్ల భాషలో రాయడం రావాలి. ఏ కాగితాలు చూశావు, ఏవి చూడలేదు, ఏం నిజమనుకుని రాస్తున్నావు, ఆ ఒపీనియన్ మీద ఎవరు ఆధారపడొచ్చు అన్నది స్పష్టంగా ఉండాలి. ట్రైనింగ్‌లో లీగల్ ఒపీనియన్ రాయించే సెషన్ ఉంటే అది మాత్రం మిస్సవకు. లేకపోతే ఒక నమూనా ఒపీనియన్ ఇమ్మని అడిగి తీసుకో.

క్లాసులో లాయర్ల పక్కన కూర్చోకు, బ్యాంకర్ల పక్కన కూర్చో. వాళ్లకి నీ భాష నచ్చదు, నీకు వాళ్ల తొందర నచ్చదు. ఫర్వాలేదు. శాంక్షన్ లెటర్‌లో రాసింది అగ్రిమెంట్‌లోకి ఎందుకు రాలేదని వాళ్లని అడుగు, వాళ్లు చెప్పే కారణాలు పుస్తకంలో దొరకవు. లాయర్ల మీద వాళ్ల ఫిర్యాదులు కూడా విను, కొన్ని నిజమే.

సర్టిఫికెట్ ఫ్రేము కట్టించడం తర్వాత చూద్దాం. ఫీజు కట్టేముందు కోర్సు టైంటేబుల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, బావతో నేను మాట్లాడతాను. దసరాకి వచ్చినప్పుడు నువ్వు రాసిన టైటిల్ రిపోర్టు ఒకటి పేర్లు కొట్టేసి పట్టుకురా, దాన్ని విదేశీ బ్యాంకుకి పంపే ఒపీనియన్‌లా ఇద్దరం కూర్చుని తిరగరాద్దాం.

మీ మావయ్య