చీరల బీరువాను అత్యవసర నిధి అనుకోకండి

పెడన నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది (ఆమె రాసిన మిగతా వివరాలు జవాబులో వస్తాయి):

"నా వయసు 38. ఇంటి వెనక రేకుల షెడ్డులో అద్దకం బల్ల వేసుకుని, ఇద్దరు పనివాళ్లతో కలంకారీ చీరలు, దుపట్టాలు, దుప్పట్లు చేస్తాను. ఖర్చులన్నీ పోను మంచి నెలల్లో 26 వేలు మిగులుతుంది. వానల నాలుగు నెలలూ 8 వేలకు మించదు. మావారు ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 15 వేలు. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. నెలకు 5 వేల చీటీతో కలిపి ఇంటి ఖర్చు 30 వేలు. బ్యాంకులో 35 వేలున్నాయి. ఇంట్లో 3 లక్షల 20 వేల సరుకుంది, షాపుల నుంచి లక్షా 40 వేలు రావాలి, 12 కాసుల బంగారం ఉంది. హైదరాబాద్‌లో ఒక బొటిక్ వాళ్లు దసరాకి 6 లక్షల ఆర్డరు ఇస్తామన్నారు. సెప్టెంబరు 15 కల్లా సరుకు పంపాలి, డబ్బు 60 రోజులకు ఇస్తారు. లక్షన్నర లాభం ఉంటుంది. గుడ్డకీ, రంగులకీ, కూలీలకీ 4 లక్షల 50 వేలు కావాలి. జూన్‌లో బంగారం మీద 3 లక్షలు, ఫోన్ యాప్‌లో లక్షన్నర తీసుకుందామనుకుంటున్నాను. యాప్ వాళ్లు నెలకు రెండున్నర శాతమే అంటున్నారు. లేకపోతే మొత్తం బంగారం మీదే తీసుకోమంటారా? రెండో బల్ల కూడా వేసుకోవాలని ఉంది. చేతిలో డబ్బు లేకపోయినా సరుకు ఉంది కాబట్టి భయం లేదు."

మీరు అడిగింది ఏ అప్పు మేలని. ఇప్పుడున్న పరిస్థితిలో రెండూ వద్దు. నేను జవాబు రాయడానికి కారణం మాత్రం ఆ ప్రశ్న కాదు, మీ ఉత్తరంలోని చివరి వాక్యం. ఇంట్లో అచ్చుపని చేసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు ఎంతోమంది ఇదే మాట అంటారు. సరుకు ఉంది కాబట్టి పొదుపు ఉన్నట్టే అనుకుంటారు. కొనేవాడు వచ్చి, నచ్చి, డబ్బు చేతిలో పెట్టేదాకా చీర చీరే. రాత్రి పదింటికి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే బీరువాలోని చీరలు పనికిరావు. షాపుల నుంచి రావలసిన లక్షా 40 వేలూ ఆ రాత్రి పనికిరావు. ఆ రాత్రికి మీ దగ్గర ఉన్నది 35 వేలు. అంటే మీ ఇంటి ఖర్చుకు 35 రోజులు.

చీటీ ఉంది కదా అంటారేమో. చీటీ పాట నెలకోసారి. అవసరం ఆ తేదీ చూసుకుని రాదు. తొందరలో పాడుకుంటే తగ్గించుకుని పాడాలి, ఆ తర్వాత చివరి నెల దాకా కిస్తీలు కట్టాలి. చీటీని అమ్మాయి డిగ్రీ ఫీజు కోసం ఉంచుకోండి. అత్యవసర నిధి లెక్కలోకి తేవద్దు.

ఇక యాప్ అప్పు. నెలకు రెండున్నర శాతం "మాత్రమే" అని ఎవరు చెప్పినా ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ వడ్డీ తగ్గుతున్న బాకీ మీదా, మొదట తీసుకున్న మొత్తం మీదా? మీరు పంపిన లెక్క ప్రకారం మొత్తం మీదే. లక్షన్నరకు 12 నెలల వడ్డీ 45 వేలు, నెలకు కట్టాల్సింది 16,250. పైగా 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు 4,500, దాని మీద జీఎస్టీ 810 ముందే కోసుకుంటారు. మీ చేతికి వచ్చేది 1,44,690. నెలనెలా అసలు తీరుతూ ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే కడతారు కాబట్టి, ఇది అసలు లెక్కలో ఏడాదికి దాదాపు 59 శాతం. యాభై తొమ్మిది! ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారిని చూసి భయపడతాం, అది ఏడాదికి 36 శాతం. అప్పు ఇచ్చే ముందు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం ఇవ్వని యాప్‌ను ఫోన్‌లోంచి ఈ రోజే తీసేయండి. ఇచ్చినా సరే, ఆ రేటు చూశాక తీసేయండి.

ఆర్డరు లెక్క కూడా ఒకసారి వేద్దాం. జూన్‌లో అప్పు తీసుకుంటే జూలై నుంచి కిస్తీ మొదలు. సరుకు సెప్టెంబరు 15న వెళ్తే, చెప్పిన మాట ప్రకారమే డబ్బు వచ్చేది నవంబరు నడుమ. అప్పటికి ఐదు కిస్తీలు 81,250 కట్టి ఉండాలి. బంగారం అప్పుకు నెలకు ఒక శాతం అనుకున్నా ఐదు నెలలకు 15 వేలు. మొత్తం 96,250 రూపాయలు, బొటిక్ నుంచి ఒక్క రూపాయి రాకముందే. అవి ఎక్కడి నుంచి కడతారు? మంచి నెలల్లోనే మీ ఇంట్లో మిగిలేది 11 వేలు. ఆ నెలలేమో వానలవి, పైగా ఉన్న రెండు జతల చేతులూ ఈ ఆర్డరు మీదే ఉంటే మామూలు అమ్మకాలు కూడా ఆగిపోతాయి. అన్నీ సవ్యంగా జరిగినా యాప్‌కు 50,310, బంగారానికి ఆరు నెలల వడ్డీ 18 వేలు కలిపి లక్షన్నర లాభంలో 68 వేల పైచిలుకు అప్పులవాళ్లకే పోతుంది.

అన్నీ సవ్యంగా జరుగుతాయా అన్నది నాకంటే మీకే బాగా తెలుసు. కరక్కాయ పట్టించిన గుడ్డ ఆరాలి, కసిమి అనే నల్లరంగు, పటిక అచ్చు వేశాక ఆరాలి, పారే నీళ్లలో జాడించాలి, రాగి కాగులో ఉడకబెట్టాలి, మళ్లీ ఎండాలి. ఎండ లేకపోతే బల్ల ముందు కూర్చున్నా పని సాగదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తే ఉతుకుకు నీళ్లుండవు, నీళ్లొచ్చేసరికి వానలు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే మీకు పక్కనే. 6 లక్షల పని మొత్తం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో పూర్తి చేస్తానని ఒప్పుకోవడం ఏడాదిలో ఎండను నమ్మలేని నెలల మీద బంగారం పందెం పెట్టడమే.

అందుకే మీకు ఒక నిధి కాదు, రెండు కావాలి. వానలు ప్రతి ఏడూ వస్తాయి. తెలిసి వచ్చే దాన్ని అత్యవసరం అనకూడదు. ఆ నాలుగు నెలలూ మీ ఇంటికి వచ్చేది 23 వేలు, ఖర్చు 30 వేలు, నెలకు 7 వేల లోటు. మొత్తం 28 వేలు. మంచి నెలలు ఎనిమిది ఉన్నాయి కాబట్టి నెలకు 3,500 చొప్పున వేరే ఖాతాలో వేయండి. జూలైలో ఆ ఖాతా నుంచి నెలకు 7 వేలు తీసుకోవడం మొదలుపెట్టండి. ఈ డబ్బు లేకపోవడం వల్లే చాలామంది ప్రతి వానాకాలం అసలు నిధిని తినేసి, దీపావళికి మళ్లీ సున్నాతో మొదలవుతారు.

రెండోది అసలైన అత్యవసర నిధి: ఆరు నెలల ఇంటి ఖర్చు, లక్షా 80 వేలు. ఉద్యోగస్తులకు మూడు నెలలు చాలని కొందరు చెబుతారు. మీ ఇంట్లో ఒక జీతం ప్రైవేటు స్కూలుది, రెండోది ఎండ మీద ఆధారపడింది. మీకు ఆరు నెలలకు తగ్గించి చెప్పను. ఇది కూడబెట్టడానికి ఏళ్లు పట్టదు, చాలా భాగం మీ ఇంట్లోనే ఉంది. సరుకులో లక్షా 10 వేల విలువైనది రెండేళ్లుగా కదలడం లేదని రాశారు. 30 శాతం తగ్గించి అమ్మేయండి, 77 వేలు వస్తుంది. మనసు ఒప్పుకోదని తెలుసు, ఆ చీర మీద ఎన్ని రోజుల పని ఉందో మీకే తెలుసు. అయినా మడతల దగ్గర గుడ్డ చివికే ముందు డబ్బు చేసుకోవాలి. షాపుల బాకీలో సగం, 70 వేలు నిధికి, మిగతా సగం గుడ్డ కొనడానికి. బ్యాంకులో ఉన్న 35 వేలు కలిపితే లక్షా 82 వేలు. దాన్ని వ్యాపారం లావాదేవీలు జరిగే ఖాతాలో ఉంచకండి. వేరే ఖాతా తెరిచి, కొంత సేవింగ్స్‌లో, మిగతాది ఎప్పుడైనా విరిచే వీలున్న డిపాజిట్‌లో పెట్టండి. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే కలపొద్దు. మీకూ మీ వారికీ జాయింటుగా ఉండాలి.

ఆ బాకీల మాట. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేదని రాశారు. వెంటనే చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం, ఎవరికీ ఫీజు ఇవ్వనక్కర్లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఉద్యమ్ ఉన్న మీలాంటి తయారీదారు దగ్గర కొన్నవాళ్లు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, చెల్లింపును 45 రోజులు దాటించకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. గడువు దాటాక ఆ ఆర్థిక సంవత్సరంలోపు కూడా చెల్లించకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవడం కూడా కుదరదు. ఈ మాట వాళ్ల అకౌంటెంట్ చెవిన పడితే చాలా బాకీలు వాటంతటవే కదులుతాయి. ఫిర్యాదు చేస్తే షాపు చేజారుతుందని మీకు భయం ఉండటం సహజం. అందుకే ఫిర్యాదు దాకా వెళ్లక్కర్లేదు, బిల్లు మీద ఉద్యమ్ నంబరు, "45 రోజుల్లో చెల్లించాలి" అన్న వాక్యం అచ్చు వేయించండి. బొటిక్ వాళ్లు అడిగిన 60 రోజులకు జవాబు కూడా ఇదే.

ఆర్డరును పూర్తిగా వదులుకోమని నేను అనను. సగం తీసుకోండి, 3 లక్షలది. మీ దగ్గర కొత్త సరుకు 2 లక్షల 10 వేలది ఉంది కదా, ముందు దాని ఫొటోలు పంపి లక్ష రూపాయల మేర అందులోంచే ఎంచుకోమనండి. కొత్తగా అద్దాల్సింది 2 లక్షలదే, దానికి పెట్టుబడి లక్షన్నర. మొత్తం మీద 40 శాతం అడ్వాన్సు అడిగితే లక్షా 20 వేలు వస్తుంది. తక్కువ పడే 30 వేలు గుడ్డ కోసం తీసి ఉంచిన 70 వేలలో ఉన్నాయి. ఒక్క రూపాయి అప్పు లేదు. అడ్వాన్సు ఇవ్వం అంటే, 6 లక్షల సరుకును మీ బంగారంతో వాళ్లకు సమకూర్చమని అడుగుతున్నారన్నమాట. అలాంటి కొనుగోలుదారును వదులుకోవడమే మంచిది.

సరుకు బీమా గురించి ఒక పొరపాటు దిద్దాలి. ఇంటి అప్పుతో పాటు తీసుకున్న భారత్ గృహ రక్ష పాలసీలో షెడ్డులోని సరుకు కూడా కవర్ అవుతుందని మీరు అనుకుంటున్నారు. కాదు. అది ఇల్లు, ఇంటి సామాను వరకే. అమ్మకానికి ఉన్న చీరలకు, తానులకు, అచ్చులకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వేరేగా తీసుకోవాలి. తుపాను, వరద నష్టం అందులో ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చాక కాదు, ఈ నెలలోనే తీసుకోండి. సరుకు ఎంత ఉందో నెలకోసారి పుస్తకంలో రాసి, ఫొటోలు తీసి ఉంచండి, క్లెయిమ్ నిలబడేది వాటి మీదే. ఇద్దరూ ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా బీమా యోజన ప్రమాద బీమా తీసుకోండి. అవి ఒక్కోటి 2 లక్షలే, మీ వారికి టర్మ్ పాలసీ ఎలాగూ కావాలి.

నిధి నిండాక అప్పు అవసరమైతే డ్వాక్రా గ్రూపు అప్పు, లేదా ప్రభుత్వ ముద్ర పథకంలో కిశోర్ రకం అప్పు చూడండి. విశ్వకర్మ పథకం గురించి అడిగారు, దాని 18 వృత్తుల జాబితాలో అద్దకం పని లేదు. బంగారం తాకట్టు అన్నిటికంటే చివరి దారి. మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) గురించి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

రెండో బల్ల: ఈ సగం ఆర్డరు డబ్బు మొత్తం చేతికి వచ్చి, నిధి ఖాతాలో లక్షా 80 వేలు చెక్కుచెదరకుండా ఉంటే, డిసెంబరులో వేయించండి. అప్పటికి ఎండలు బాగుంటాయి, కాలువలో నీళ్లూ ఉంటాయి. బల్ల వేసే ముందు మూడో పనివాడు దొరుకుతాడో లేదో మాత్రం ఇప్పటి నుంచే కనుక్కోండి.